కొండకి ఏం పట్టుకెళ్దాం? వేరే భాషవాళ్ల మధ్య పరిచర్యకి చిన్న సంఘం దేని మీద డబ్బు పెట్టాలి

మా సంఘంలో కోత పండుగ వేలం అయ్యాక లెక్క చూస్తే మిషను పద్దులో లక్షా పది వేలు తేలాయి. అందులో ఒక గుమ్మడికాయ వాటా కూడా ఉంది. ఒకాయన దాన్ని 2,300కి పాడి మళ్లీ సంఘానికే ఇచ్చేశాడు. రెండోసారి అదే కాయ 1,800 పలికింది. అలా పోగైన డబ్బు. కొండల్లో పరిచర్యకి వాడాలని తీర్మానం ఎప్పుడో అయింది. ఎలా వాడాలన్న దగ్గర ఏడుగురు పెద్దలం కూర్చుంటే ఎనిమిది అభిప్రాయాలు వచ్చాయి. ఒకరు ప్రొజెక్టర్ కొందామన్నారు. ఒకరు బస్సు మాట్లాడుకుని అందరం వెళ్దామన్నారు. స్త్రీల సమాజం వాళ్లు దుప్పట్లు అన్నారు. యవ్వనస్థులు మాలో ఒకర్ని ట్రైనింగ్‌కి పంపమన్నారు. పాస్టర్ గారు మాత్రం "ముందు ప్రార్థన చేద్దాం" అన్నారు. అంటే ఆయనకీ తోచలేదన్నమాట.

ఆ పద్దు పద్నాలుగేళ్లుగా నేనే రాస్తున్నాను. శ్రీకాకుళం చుట్టుపక్కల నుంచి, విజయనగరం వైపు నుంచి సంఘాల వాళ్లు ఫోన్ చేసి "మాస్టారూ, మేమూ మొదలెడదామనుకుంటున్నాం, ఏది మంచిదంటారు?" అని అడుగుతుంటారు. ఫోన్లో ఎంత చెప్పినా సగమే అవుతోంది, అందుకే కూర్చుని రాస్తున్నాను. మాది రెండు వందల కుటుంబాలు కూడా లేని సంఘం. పెద్ద సంఘాలకి ఇందులో కొన్ని పనికిరాకపోవచ్చు. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను, తరవాత నన్ను అనుకోవద్దు: సామాను కన్నా ముందు భాష వచ్చిన మనిషి కావాలి. ప్రొజెక్టర్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.

ముందు, ఎవరి దగ్గరికి?

"కొండవాళ్లు" అని ఒక్క మాటలో అనేస్తాం గానీ మన రెండు జిల్లాల పైన ఉన్నది ఒక్క జనం కాదు. సీతంపేట, భామిని, మెళియాపుట్టి, మందస కొండల్లో సవరలు ఉన్నారు. కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు జాతాపులు, కువి మాట్లాడే కోదులు. సాలూరు, పాచిపెంట వైపు గదబలు. (సీతంపేట, కురుపాం, సాలూరు 2022 ఏప్రిల్లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. మనం ఎక్కే బస్సులు మాత్రం అవే.) ఇక ఇచ్ఛాపురం దాటితే ఒడియా.

భాష లెక్కన చూస్తే తేడా ఇంకా పెద్దది. కువి ద్రావిడ భాష, తెలుగుకి చుట్టం. సవర ముండా కుటుంబంలోది, దాని చుట్టాలు సంతాలీ, ముండారీ. తెలుగుతో దానికి ఏ బంధుత్వమూ లేదు. ఒడియా ఈ రెండూ కాదు, హిందీ, బెంగాలీల వైపుది. జాతాపుల్లో చాలామంది ఇంట్లో కూడా తెలుగే మాట్లాడతారు కాబట్టి అక్కడికి మామూలు తెలుగు బైబిలు, తెలుగు పాటలు పట్టుకెళ్తే సరిపోతుంది. అవే పుస్తకాలు సీతంపేట పైన సవర ముసలమ్మకి ఇస్తే ఆవిడ మర్యాదగా తీసుకుని చూరులో పెట్టుకుంటుంది.

"సంతలో వాళ్లు తెలుగు మాట్లాడతారండీ" అని చాలామంది అంటారు. నిజమే, చింతపండు బేరానికి సరిపడా మాట్లాడతారు. మీరు చూడాల్సింది అది కాదు. తల్లి పిల్లాణ్ని ఏ భాషలో తిడుతోందో చూడండి. వాక్యం ఆ భాషలో ఉండాలి.

ఈ సంగతి మన ఊళ్ల వాడే ఒకాయన మనకన్నా ముందు గ్రహించాడు, ఆయన క్రైస్తవుడూ కాదు, మిషనరీ కూడా కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, తెలుగు వచ్చిన సవర ఒకాయన్ని ఇంట్లో పెట్టుకుని భాష నేర్చుకున్నారు. పాఠాలు రాశారు, సొంత ఖర్చుతో సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. ఒక భాష నేర్చుకోవడానికి చెవులు పోగొట్టుకున్న మనిషి పుట్టిన జిల్లాలో ఉండి, మనం నాలుగు సవర మాటలు రాకుండా కొండెక్కి ప్రసంగం చేసి దిగొచ్చేస్తాం. ఇది మా సంఘాన్ని కూడా కలుపుకుని అంటున్న మాటే.

పుస్తకమా, మెమరీ కార్డా, సినిమానా, కథా?

మేం మొదట సినిమాతోనే మొదలెట్టాం, అందరిలాగే. 1979లో తీసిన యేసు సినిమా ఇప్పుడు రెండు వేల పైచిలుకు భాషల్లో ఉంది. లూకా సువార్త ఆధారంగా రెండు గంటల సినిమా. సినిమా మంచిదే, తప్పు మాదే. తెలుగు మాటలున్నది పట్టుకెళ్లాం. అద్దె ప్రొజెక్టరు, జనరేటరు, తెర, రెండు సౌండు బాక్సులు. ఆ రాత్రి ఊరు ఊరంతా వచ్చింది. పిల్లలు తెర కన్నా ప్రొజెక్టర్ లోంచి వచ్చే వెలుగులో ఎగిరే పురుగుల్నే ఎక్కువ చూశారు. పెద్దవాళ్లు మేం నవ్వని చోట నవ్వారు. అయ్యాక మైకులో "అర్థమైందా?" అని అడిగితే అందరూ "అయింది" అన్నారు. మాకు ఒకటే ఆనందం.

మర్నాడు పొద్దున్న టీ తాగుతుంటే ఆ ఊరి సవర విశ్వాసి ఒకాయన నెమ్మదిగా అన్నాడు: "సినిమా బాగుందన్నారు బాబూ. ఆ తెల్లబట్టలాయన్ని ఎందుకు కొట్టినారో మాత్రం తెల్దంట."

ఆ ముక్క మా మిషను పద్దు పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకున్నాను.

కాబట్టి సినిమా వేస్తే ఆ భాషలో ఉన్నదే వెయ్యండి, లేదంటే పక్కన ఒకాయన ఆపి ఆపి వాళ్ల భాషలో చెప్పేలా వెయ్యండి. కొత్త ఊళ్లో జనం పోగవ్వడానికి సినిమా పనికొస్తుంది. ఆ తరవాత నెలల తరబడి అక్కడికి వెళ్లే మనిషి లేకపోతే అది తిరనాళ్ల కిందే లెక్క. ప్రొజెక్టర్ కొనకండి. ఏడాదికి నాలుగుసార్లు వాడేదానికి అద్దె చాలు.

అచ్చు పుస్తకానికి వస్తే మొదటి చిక్కు లిపి. సవర భాష ఒకటే గానీ రాత ఒకటి కాదు. ఒడిశా కొండల్లో సవర క్రైస్తవులు రోమన్ లిపిలో ఉన్న పుస్తకాలు చదువుతారు, ఆ అలవాటు కెనడా బాప్టిస్టు మిషనరీల కాలం నాటిది. 1936లో మంగేయి గొమాంగో అనే ఆయన సవరకి సొరంగ్ సొంపెంగ్ అని సొంత లిపే కట్టారు. మన వైపు పిల్లలు బడిలో చూసేది తెలుగు లిపి, సవర, కువి వాచకాలు కూడా ప్రభుత్వం తెలుగు లిపిలోనే వేసింది. ఈ సంగతి తెలియక పర్లాకిమిడి నుంచి డబ్బా నిండా పుస్తకాలు తెచ్చి మన వైపు పంచిన సంఘం నాకు తెలుసు. భాష సరైనదే, చదివేవాడు లేడు. ముందు ఒక్క కాపీ తీసుకెళ్లి, పదో తరగతి చదివిన గుంట (మా వైపు పిల్లల్ని అలాగే అంటాం) ఒకర్ని గట్టిగా చదవమనండి. పక్కన కూర్చున్న వాళ్ల నాన్న తల ఊపితే అప్పుడు యాభై కొనండి.

చదువు రాని పెద్దవాళ్లకి ఆడియో అన్నిటికన్నా సులువు, ఖర్చూ తక్కువ. మూడు చోట్ల చూడండి. గ్లోబల్ రికార్డింగ్స్ నెట్‌వర్క్ వాళ్లు 1939 నుంచి ఇదే పని మీద ఉన్నారు. ఆరు వేలకు పైగా భాషల్లో, యాసల్లో చిన్న చిన్న కథలు, పాఠాలు రికార్డు చేశారు. వాళ్ల ఫైవ్‌ఫిష్ యాప్‌లో భాష పేరు కొడితే దొరుకుతాయి. ఫెయిత్ కమ్స్ బై హియరింగ్ వాళ్ల బైబిల్ డాట్ ఈజ్ యాప్‌లో వాక్యమే పూర్తిగా చదివి వినిపిస్తారు. కొత్త నిబంధన మొత్తం వినాలంటే ఇరవై గంటలు పడుతుంది. మూడోది అన్‌ఫోల్డింగ్‌వర్డ్ వాళ్ల ఓపెన్ బైబిల్ స్టోరీస్. సృష్టి నుంచి మొదలుకొని 50 కథలు, బొమ్మలతో.

వీటిలో తేడా ఏమిటంటే, మొదటిది కొత్తవాళ్లకి: కథలు చిన్నవి, ముందు ఏమీ తెలియకపోయినా వినొచ్చు. రెండోది విశ్వాసులకి: బొత్తిగా కొత్తవాడికి మత్తయి మొదటి అధ్యాయం వంశావళి వినిపిస్తే లేచి పశువుల దగ్గరికి పోతాడు. మూడోది చెప్పేవాడికి: దాని లైసెన్సు ప్రకారం ఎవరైనా తర్జుమా చేసుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు, కాపీలు పంచుకోవచ్చు. తెలుగులో ఉన్నదాన్ని పట్టుకుని మన సవర తమ్ముళ్లు సవరలో చెప్పి ఫోన్లో రికార్డు చేసుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. యాప్‌లో దొరికే బైబిలు ఆడియో సంగతి అలా కాదు. వినడానికి ఉచితమే గానీ కార్డుల్లోకి ఎక్కించి పంచాలంటే హక్కులున్న వాళ్లని అడగాలి. ఒక ఈమెయిలు చాలు, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

పరికరం విషయంలో ఫ్యాషన్‌కి పోవద్దు. సోలారు మీద నడిచే, చేత్తో తిప్పితే చార్జి అయ్యే ఆడియో బైబిలు పెట్టెలు ఉన్నాయి, బాగుంటాయి. కానీ పాడైతే బాగుచేసేవాడు సీతంపేటలో దొరకడు. మామూలు మెమరీ కార్డు స్పీకరు, ఎఫ్ఎం పాటలు వచ్చేది, ఏ సంతలోనైనా ఐదారు వందలకి వస్తుంది. ఊళ్లో అప్పటికే నాలుగు ఉంటాయి. మనం కార్డు మాత్రం ఇస్తే సరిపోతుంది. పోడు దగ్గర కాపలా ఉండే మనిషి రాత్రంతా దాన్నే పెట్టుకుంటాడు, సినిమా పాటల మధ్యలో. మధ్యలో అయినా ఫర్వాలేదు.

ఇక నోటితో చెప్పే కథ. దీనికి ఖర్చు లేదు, అందుకే కమిటీల్లో దీని గురించి ఎవరూ మాట్లాడరు. నా లెక్కలో మొదటి స్థానం దీనిదే. కారణం ఒక ఉదాహరణతో చెప్తాను. తప్పిపోయిన కుమారుడి కథ (ఆస్తంతా పాడుచేసుకుని తండ్రి దగ్గరికి తిరిగొచ్చిన కొడుకుది) మా వాళ్లు తెలుగులో చెప్తూ "చివరికి పందులు మేపుకునే గతి పట్టింది" అని గొంతు తగ్గించి చెప్పారు. వినేవాళ్ల ముఖాల్లో జాలి లేదు. సవర ఊళ్లో పందులుండడమంటే కలిగినవాడనే అర్థం. పందుల దగ్గర ఉద్యోగం దొరికింది కదా, ఇంకేం కష్టం అనుకున్నారు. అదే కథ ఆ ఊరి తమ్ముడు సవరలో చెప్పినప్పుడు పందుల దగ్గర ఆగలేదు. "పందులకి పెట్టేది కూడా వీడికి పెట్టలేదు" అన్న చోట ఆగాడు. అక్కడ జనం నొచ్చుకున్నారు. దేవుడు అన్న మాట కూడా అంతే. సవరలో సృష్టికర్తని కిట్టుంగ్ అంటారు. సవర క్రైస్తవులు దేవుణ్ణి పిలిచేది ఆ మాటతోనే. మనం "యెహోవా" అని ఎంత గట్టిగా అన్నా వాళ్లకి కొత్త ఆఫీసరు పేరులా వినిపిస్తుంది. ఏ మాట ఎక్కడ తగులుతుందో ఏ యాప్‌కీ తెలియదు.

మనిషి సంగతి

ఇక్కడ దారులు నాలుగు: మనమే అప్పుడప్పుడు వెళ్లిరావడం, మన సంఘం నుంచి ఒకర్ని అక్కడే ఉండేలా పంపడం, అక్కడి విశ్వాసికే నెలనెలా ఆదరవు ఇవ్వడం, ఏదైనా మిషను సంస్థ ద్వారా చెయ్యడం.

బస్సు ప్రయాణం గురించి కఠినంగానే చెప్తాను. మేం ఒక్క రోజుకి బస్సు, భోజనాలు, టీలు కలిపి 22 వేలు ఖర్చుపెట్టాం. యాభై మందిమి వెళ్లాం, ఇరవై ఎనిమిది ఇళ్ల ఊరికి. ఆ ఊరి వాళ్లు ఆ రోజు పనులు మానుకుని మాకు నీళ్లు మోశారు. మేం పాటలు పాడి, ఫోటోలు దిగి, పనసకాయలు కొనుక్కుని వచ్చేశాం. మా సంఘానికి మేలు జరిగింది, కాదనను: ఆ రోజు వచ్చిన ఆడవాళ్లే ఇప్పటికీ తప్పకుండా కానుక ఇస్తారు. కానీ ఆ ఖర్చు మన కళ్లు తెరుచుకోవడానికి అయిన ఖర్చు, కొండ వాళ్ల కోసం పెట్టింది కాదు. పద్దులో కూడా అలాగే రాసుకోవాలి. వెళ్తే ఐదారుగురు వెళ్లండి, రెండు రాత్రులు ఉండండి, వాళ్లు తినేది తినండి.

దుప్పట్ల సంగతీ ఇక్కడే. అరవై దుప్పట్లు పట్టుకెళ్లాం ఇంకో ఊరికి. ఇళ్లు డెబ్బై నాలుగు. మిగిలిన పద్నాలుగు ఇళ్ల వాళ్లు మమ్మల్ని ఏమీ అనలేదు, మేం దిగొచ్చేశాం కదా. అక్కడ ఉండే విశ్వాసిని ఆరు నెలలు అన్నారు. పైగా సువార్త చెప్పిన చేత్తోనే దుప్పటి ఇస్తే, ఆశ చూపి మతం మార్చుతున్నారన్న మాట ఊరికే రాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చినప్పుడు మా సంఘం టార్పాలిన్లు, బియ్యం పంచింది. అప్పుడు వాక్యం చెప్పలేదు, కరపత్రాలు ఇవ్వలేదు, ఎవరు ఏ దేవుణ్ణి మొక్కుతారో అడగలేదు. అదే పద్ధతి. సాయం సాయంగా చెయ్యండి, సువార్త సువార్తగా చెప్పండి, రెండిటినీ ఒకే సంచిలో వెయ్యకండి.

మన పిల్లాణ్నే పంపడం అన్నిటికన్నా గొప్పది, అన్నిటికన్నా కష్టమైనది కూడా. భాషకే రెండు మూడేళ్లు పోతాయి. ఆ రెండేళ్లూ "ఎంతమంది రక్షణ పొందారు?" అని అడగని సంఘం అయితేనే పంపండి. విశాఖపట్నం చరిత్రే చూడండి. లండన్ మిషను నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో అక్కడ దిగారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో చనిపోయారు. ఐదేళ్లలో ఇద్దరూ పోయారు. అయినా 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో మూడు సువార్తలు తెలుగులో అచ్చయ్యాయంటే, ఆనందరాయర్ అనే క్రైస్తవుడైన బ్రాహ్మణుడు వాళ్ల పక్కన కూర్చుని తర్జుమాకి సాయపడ్డాడు కాబట్టి. పేర్లు చెప్పేటప్పుడు మనం మొదటి ఇద్దరినీ చెప్పి మూడో ఆయన్ని వదిలేస్తుంటాం.

అందుకే మా ఓటు మూడో దారికి పడింది. అక్కడే పుట్టి, ఆ భాషే మాట్లాడుతూ, ఇప్పటికే తన పని తను చేసుకుంటున్న విశ్వాసికి వెన్నుదన్నుగా ఉండటం. మేం నెలకి తొమ్మిది వేలు ఇస్తున్నాం. పూర్తి జీతం కాదు, కావాలనే. ఆయనకి జీడితోట ఉంది, అడ్డాకులు కుడతారు వాళ్లింట్లో. తోట మానేసి మా డబ్బు మీద బతికితే ఊళ్లో ఆయన మాట విలువ పోతుంది, రేపు మేం ఆపేస్తే ఇల్లు పోతుంది. ఆ తొమ్మిది వేలు తిరగడానికి, ఫోన్‌కి, పిల్లల హాస్టల్‌కి. ఈ పద్ధతిలో ప్రమాదం ఒకటుంది: డబ్బిచ్చేవాళ్లం కాబట్టి ఆయన్ని మన ఉద్యోగిలా చూడటం. మా పెద్దల్లో ఒకాయన మొదటి ఏడాది వారం వారం రిపోర్టు అడిగేవాడు. కొండ మీద సిగ్నలు లేని మనిషి రిపోర్టు కోసం ఎనిమిది కిలోమీటర్లు దిగొచ్చేవాడు. ఇప్పుడు మూడు నెలలకోసారి మేమే వెళ్తున్నాం.

ఎంచుకునేటప్పుడు ఒక్క సలహా: మీ దగ్గరికి ఫైలు పట్టుకుని వచ్చిన మనిషి కన్నా, మీరు వెతుక్కుంటూ వెళ్తే తోటలో దొరికిన మనిషి మేలు.

నాలుగోది సంస్థల దారి. మన దేశపు సంస్థలే ఉన్నాయి, పాతవి, నిలబడినవి. తిరునెల్వేలి వాళ్ల ఇండియన్ మిషనరీ సొసైటీ 1903లో మొదలైంది. దాని వెనకున్న అజరయ్య గారు తమిళుడు, తెలుగు నేర్చుకుని దోర్నకల్‌లో పనిచేసి 1912లో అక్కడే బిషప్ అయ్యారు. ఇండియన్ ఎవాంజెలికల్ మిషన్ 1965 నాటిది. ఫ్రెండ్స్ మిషనరీ ప్రేయర్ బ్యాండ్ తమిళనాడు సంఘాల్లోని ప్రార్థన గుంపుల నుంచి పుట్టింది. ఇలాంటివాటితో లాభం ఏమిటంటే మిషనరీకి భాషా శిక్షణ, జబ్బు చేస్తే వైద్యం, పిల్లల చదువు వాళ్లే చూస్తారు. చిన్న సంఘం వల్ల అయ్యే పని కాదది. నష్టం, మీ మనిషి మీకు నెలకో ఉత్తరంగానే మిగులుతాడు.

పేరు చెప్పను గానీ, ఒక సంస్థ మాకు ఒక గుంట ఫోటో పంపి "మీరు ఆదుకుంటున్న పిల్లాడు" అంది. అదే ఫోటో ఆమదాలవలస వైపు ఇంకో సంఘం గోడ మీద, మూడోది విజయనగరంలో మా చెల్లెలి సంఘంలో చూశాను. పిల్లాడు నిజమే అయ్యుంటాడు, మూడు పొట్టలు మాత్రం ఉండవు. అప్పట్నుంచి ఏ సంస్థనైనా ఆడిట్ లెక్క చూపించమని అడుగుతాం, పని జరిగే చోటికి చెప్పకుండా ఒకసారి వెళ్తాం, అక్కడ భాష వచ్చినవాళ్లు ఎంతమందో అడుగుతాం. మూడో ప్రశ్నకి చాలామంది టెన్షన్ పడతారు.

ట్రైనింగ్ కోర్సులు

దీని గురించి ఎక్కువ చెప్పను. పెర్‌స్పెక్టివ్స్ కోర్సు 1974లో రాల్ఫ్ వింటర్ మొదలుపెట్టింది, 15 పాఠాలు. చదవాల్సింది చాలా ఉంటుంది. పాస్టర్లకి, డిగ్రీ చదివిన యవ్వనస్థులకి బాగుంటుంది. కైరోస్ చిన్నది, తొమ్మిది పాఠాలు, గుంపుగా కూర్చుని మాట్లాడుకునే పద్ధతి. సంఘ పెద్దలకి నేనైతే కైరోసే చెప్తాను. చేరేముందు ఏ భాషలో నడుపుతున్నారో అడగండి. ఇంగ్లీషులో అయితే మా పెద్దల్లో ఇద్దరే మిగులుతారు. ఏ కోర్సు చేసినా, అది అయిన నెలలోపు రెండు రాత్రులు కొండ మీద పడుకోకపోతే సర్టిఫికెట్టు గోడకి తగిలించుకోవడానికే.

చట్టం, డబ్బు

పర్లాకిమిడి మన ఊరిలాగే ఉంటుంది, అందరూ తెలుగు మాట్లాడతారు, కానీ అది ఒడిశా. ఒడిశాలో మత స్వేచ్ఛ చట్టం 1967 నుంచి ఉంది. బలవంతంగా గానీ, ఆశ చూపి గానీ, మోసంతో గానీ మతం మార్చడం నేరం. మతం మార్పు విషయంలో అధికారులకి ముందుగా తెలియజేయాలన్న నియమాలు 1989లో వచ్చాయి. మెళియాపుట్టి నుంచి కొండ దాటితే చట్టం మారిపోతుందని మన కుర్రాళ్లకి తెలియాలి. అక్కడ అక్కడి సంఘం పిలిస్తేనే, వాళ్ల వెనక వెళ్లండి.

విదేశీ డబ్బు సంగతి. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం అమెరికాలో ఉన్న మిషను నుంచి పరిచర్య కోసం డబ్బు తీసుకోకూడదు. 2020 సవరణ తరవాత ఎఫ్‌సీఆర్ఏ ఉన్న సంస్థ కూడా ఆ డబ్బు ఇంకో సంస్థకి దాటించకూడదు. "మా దగ్గర వస్తుంది, మీకు పంపిస్తాం" అని ఎవరైనా అంటే నమస్కారం పెట్టి లేవండి. మిజోరం సంఘాలు ఎంతోమంది మిషనరీల్ని పోషించింది విదేశీ డబ్బుతో కాదు. అక్కడి ఆడవాళ్లు ప్రతి పూటా వండే బియ్యంలోంచి గుప్పెడు తీసి పక్కన పెట్టారు. బుహ్‌ఫై థామ్ అంటారు దాన్ని, 1910 నుంచి ఉంది. మా స్త్రీల సమాజం దాన్ని చూసే డబ్బాలు మొదలుపెట్టింది. ఇప్పుడు మా నెల ఖర్చులో సగం ఆ బియ్యమే.

ఇంకొకటి, కొండ మీద తప్పకుండా అడుగుతారు: "కలిస్తే మా సర్టిఫికెట్టు పోద్దా?" అంటే, క్రైస్తవులైతే కులం సర్టిఫికెట్టు పోతుందా అని. ఎస్టీ హోదాకి మతంతో సంబంధం లేదు. ఎస్సీల విషయం వేరు: 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. ఈ తేడా తెలియకుండా మాట్లాడి ఒకరి పిల్లల చదువుతో ఆటలాడకండి.

కొండ ఎక్కకుండానే

మీ మిషను పద్దులో నెలకి మూడు వేలే ఉంటే కొండ మాట తరవాత. పైడిభీమవరం వెళ్లండి. ఫ్యాక్టరీల చుట్టూ అద్దె గదుల్లో బీహార్, ఒడిశా, జార్ఖండ్ కుర్రాళ్లు ఆరుగురు ఒక గదిలో ఉంటారు. హిందీ, ఒడియాల్లో వాక్యం, పాటలు, సినిమా అన్నీ దొరుకుతాయి, ఫోన్లూ వాళ్ల దగ్గరే ఉన్నాయి. వాళ్లకి కావాల్సింది ఆధార్‌లో అడ్రస్ మార్చడానికి, ఆసుపత్రిలో చీటీ రాయించుకోవడానికి తోడొచ్చే ఒక తెలుగు మనిషి. మీ సంఘంలో రైల్వేలోనో ఆర్మీలోనో చేసి హిందీ వచ్చిన రిటైర్డు అయ్యగారు ఒకరైనా ఉంటారు. ఆయన ఆదివారం సాయంత్రాలు ఖాళీ. మత్స్యకారుల ఊళ్లలో సంఘాలకి ఈ బాధ ఇంకా బాగా తెలుసు, మన కుర్రాళ్లే గుజరాత్‌లో వేరావల్ రేవులో నెలల తరబడి ఇలాగే భాష రాకుండా ఉంటారు.

మా లక్షా పది వేలు చివరికి ఎలా ఖర్చయ్యాయో చెప్తాను. ఎనభై వేల పైచిలుకు కొండ మీద తమ్ముడి ఆదరవుకి తొమ్మిది నెలల కోసం తీసి ఉంచాం. పన్నెండు వేలు కార్డులకి, రికార్డింగుకి ఒక మంచి ఫోన్‌కి. మిగిలింది ప్రయాణాలకి. ప్రొజెక్టర్ అన్న పెద్దాయన ఇప్పటికీ కొంచెం గుర్రుగానే ఉన్నారు.

మొన్న జీడిపిక్కలు అమ్మడానికి దిగినప్పుడు ఆ తమ్ముడు మా ఇంటికొచ్చాడు. ఇంకో ఎనిమిది కార్డులు కావాలన్నాడు. చెప్పులేసుకుంటూ గుమ్మంలో ఆగి, "మాస్టారూ, ఎండాకాలం సెలవల్లో మీ గుంటల్ని ఇద్దర్ని నా దగ్గరికి పంపితే సవర నేర్పుతాను, పంపుతారా?" అన్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటనల్లో చదివాను. మూడు పేర్లు వచ్చాయి, అందులో ఒకటి ప్రొజెక్టర్ పెద్దాయన మనవరాలిది.